చెన్నై చెకప్‌కి రైలా, కారా?

ప్రశ్న: మాది నెల్లూరు. 68 ఏళ్ల మా అమ్మను నెలకోసారి చెకప్‌కి చెన్నై తీసుకెళ్తాను. దూరం అదే 175 కిలోమీటర్లు. రైల్లో మామూలు సీటు రెండొందలు దాటదు. రానూపోనూ ట్యాక్సీ ఐదు వేలకు తక్కువ రాదు. ఎందుకింత తేడా? సొంత కారుంది, పెట్రోలు పోసుకుని వెళ్తే నయం కదా?

జవాబు: రైలు చవక కాదండి, మీ బదులు ఇంకొకరు కడుతున్నారు. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని రైల్వేవాళ్లు టికెట్ మీదే అచ్చేశారు. మిగతా భారం చాలావరకు సరుకు రవాణా మోస్తుంది. కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు లాక్కెళ్లే గూడ్సు కూడా మీ అమ్మగారి టికెట్‌లో ఓ చెయ్యి వేస్తున్నట్టే. ట్యాక్సీకి అలాంటి దాత లేడు. డ్రైవర్ బత్తా, తమిళనాడు పర్మిట్, ఆసుపత్రి దగ్గర వెయిటింగ్ అన్నీ మీ నెత్తినే.

సొంత కారు దగ్గర అందరం పెట్రోలు ఒక్కటే లెక్కేస్తాం. రానూపోనూ 350 కిలోమీటర్లు, లీటరుకు 15 చొప్పున 23 లీటర్ల పైమాటే. లీటరు 110 అనుకుంటే సుమారు రూ.2,570. టైర్లు, సర్వీసింగ్, బండి విలువ తరుగుదలకు కిలోమీటరుకు 3 రూపాయలే వేసినా ఇంకో రూ.1,050. టోల్ వేరే. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, నల్లూరు కలిపి ఒక్కో ట్రిప్పుకు ఎనిమిది సార్లు గేటు దాటాలి. కారులోనే వెళ్తానంటే ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోండి, 2025లో మొదలైనప్పుడు దాని ధర రూ.3,000. 200 సార్లు దాటొచ్చు, మీకు ఏడాదికి 96 చాలు.

ఇద్దరికీ రైలు టికెట్లు, చెన్నైలో ఆటోలకు ఓ వెయ్యి వేసుకున్నా కారు ఖర్చులో సగమే. అమ్మగారికి మోకాళ్లు సహకరించని నెలలో మాత్రం లెక్కలు పక్కనపెట్టి కారు తీయండి. సూళ్లూరుపేట దాకా ఆవిడకు ఉచిత బస్సు, అక్కణ్నుంచి లోకల్ రైలు అనే ఆలోచన ఉంటే మానుకోండి, ఆ వయసులో అన్ని మార్పులు వద్దు.

వృద్ధుల రాయితీ 2020 మార్చిలోనే పోయింది. పినాకిని లాంటి రైళ్లలో ముందుగా కొన్నా, ఆలస్యంగా కొన్నా ధర ఒకటే, తత్కాల్‌కి వెళ్తేనే అదనం. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. డాక్టరు తర్వాతి తేదీ చెప్పగానే ఆసుపత్రి వరండాలోనే బుక్ చేసేయండి.