కొత్త షీట్ రెండు రోజులు లేటైతే ఏమవుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం మీద: గర్భం రాకుండా రోజూ వేసుకునే మాత్రలు. బెంగళూరులో ఉంటున్న మన తెలుగు ఆడపిల్లలు వీటిని మెడికల్ షాపులో పేరు చెప్పి కొనేసుకుంటున్నారు, ఎలా వేసుకోవాలో ఫ్రెండ్‌ని అడుగుతున్నారు, డాక్టర్ దగ్గరికి మాత్రం ఏదో తేడా వచ్చాకే వెళ్తున్నారు. అందుకే నాలుగు ఉత్తరాలకు కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను. ఇందులో మాత్రలు అన్నప్పుడల్లా ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లూ కలిసి ఉన్న మాత్రలనే అనుకోండి.

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్లు, పెళ్లై రెండేళ్లయింది, మారతహళ్లిలో ఉంటాం. 21 మాత్రల షీట్ వాడుతున్నాను, రాత్రి పదింటికి వేసుకుంటాను. పోయిన నెల ఏడు రోజుల గ్యాప్ అయిపోయి శనివారం కొత్త షీట్ మొదలుపెట్టాలి, కానీ శుక్రవారం రాత్రే అనంతపురం బస్సెక్కేశాం, షీట్ ఇంట్లోనే ఉండిపోయింది. సోమవారం తిరిగొచ్చి ఆ రాత్రి మొదలుపెట్టాను. మధ్యలో మేం కలిశాం కూడా. మొదటి రెండు మాత్రలే కదా, ఏం కాదులే అంది నా ఫ్రెండ్. తర్వాత పీరియడ్ వచ్చింది గానీ అప్పటిదాకా ఒకటే టెన్షన్. నాకు నైట్ షిఫ్టులు కూడా మారుతుంటాయి. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది తప్పు, అదీ చాలామంది నమ్మే తప్పు. షీట్ మొత్తంలో మర్చిపోకూడని మాత్రలు ఏవంటే, మొదటి వరుసలోవే. ఎందుకో చెబుతాను. మాత్రలు రోజూ పడుతున్నంత కాలం అండాశయాలు పని ఆపి ఉంటాయి, అండం విడుదల కాదు. మీరు గ్యాప్ ఇచ్చిన ఏడు రోజుల్లో అవి మెల్లగా మళ్లీ మేలుకోవడం మొదలుపెడతాయి. ఏడో రోజు దాటగానే కొత్త షీట్ పడితే మళ్లీ ఆగిపోతాయి. ఆ గ్యాప్ మీలా తొమ్మిది రోజులకు సాగిందనుకోండి, కొంతమందిలో అండం విడుదలయ్యేదాకా వెళ్లిపోతుంది. కాబట్టి గ్యాప్ ఏడు రోజుల కంటే తగ్గినా ఏ నష్టమూ లేదు, అసలు గ్యాప్ ఇవ్వకపోయినా పర్వాలేదు, ఎనిమిదో రోజుకు మాత్రం వెళ్లకూడదు.

మళ్లీ ఇలా జరిగితే: గుర్తొచ్చిన వెంటనే ఒక మాత్ర వేసుకోండి, రోజువారీగా కొనసాగించండి, ఏడు మాత్రలు వరసగా పడేదాకా కండోమ్ వాడండి. గ్యాప్‌లోనో, ఆలస్యమైన ఆ రోజుల్లోనో కలిసి ఉంటే ఎమర్జెన్సీ మాత్ర గురించి ఆలోచించాలి. అది కలిసిన 72 గంటల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అది వేసుకున్నా రోజువారీ మాత్రలు ఆపకూడదు. మూడు వారాల తర్వాత ఒక ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకుంటే మనసు కుదుటపడుతుంది, ఎందుకంటే మాత్రల గ్యాప్‌లో వచ్చే బ్లీడింగ్‌ను చూసి గర్భం లేదని గట్టిగా చెప్పలేం.

షీట్ మధ్యలో మర్చిపోతే లెక్క వేరు. ఒక్క మాత్రే తప్పిపోయిందా? గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, ఆ రాత్రిది ఆ రాత్రి వేసుకోండి, ఒకే రోజు రెండు పడినా ఏమీ కాదు, మహా అయితే కాస్త వికారంగా ఉంటుంది. కండోమ్ అక్కర్లేదు. వరసగా రెండో అంతకంటే ఎక్కువో తప్పితే మాత్రం చివరగా తప్పిన ఒక్కటి వేసుకుని మిగతా తప్పినవి వదిలేయండి, అన్నీ కలిపి మింగొద్దు, ఏడు రోజులు కండోమ్ తప్పనిసరి. ఇది మూడో వారంలో, అంటే 15 నుంచి 21వ మాత్రల మధ్య జరిగితే ఈసారి గ్యాప్ ఇవ్వకుండా ఆ షీట్ అవగానే మర్నాడే కొత్త షీట్ మొదలుపెట్టండి. ఆ నెల పీరియడ్ రాదు, కంగారు పడొద్దు.

మాలా-ఎన్, మాలా-డి వాడేవాళ్లు షీట్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మొత్తం 28 ఉంటాయి. తెల్లవి 21, అవే అసలు మందు: ఒక్కోదాంట్లో లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రాడియోల్ అనే ఈస్ట్రోజెన్ 0.03 మిల్లీగ్రాములు. చివర ముదురు రంగులో ఉన్న ఏడు వట్టి ఐరన్ మాత్రలు. అవి తప్పినా గర్భం రాదు. అలవాటు తప్పకుండా ఉండడానికే అవి పెట్టారు, అందుకే రోజులు లెక్కపెట్టడం కష్టమనుకునేవాళ్లకు నేను 28 మాత్రల షీటే చెబుతాను, అది అవగానే మర్నాడు ఇంకోటి, గ్యాప్ అన్న మాటే లేదు.

ఇక మీ షిఫ్టులు. ఈ మాత్రలకు నాలుగైదు గంటలు అటూ ఇటూ అయితే ఇబ్బంది లేదు. రాత్రి పది అని కట్టుబడితే ఒక వారం మీరు ఆ టైముకు మీటింగులో ఉంటారు, ఇంకో వారం నిద్రలో ఉంటారు. ఏ షిఫ్టులోనైనా మేలుకుని ఉండే టైము ఒకటి చూసుకుని ఫోన్‌లో అలారం పెట్టండి. విడిగా ఇంకో కొత్త షీట్ హ్యాండ్‌బ్యాగులోనే ఉంచేసుకోండి, ఎప్పుడు బస్సెక్కినా అది మీతోనే ఉంటుంది. బస్సులో వాంతులయ్యే అలవాటుంటే ఇదీ గుర్తుంచుకోండి: మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. వాంతులో మోషన్సో రెండు రోజులకు మించి తగ్గకపోతే మాత్రలు తప్పినట్టే లెక్క.

సరిగ్గా వేసుకుంటే ఏడాదికి 1000 మందిలో ముగ్గురికి గర్భం వస్తుంది. మామూలుగా మనుషులు వేసుకునే తీరులో, అంటే ఊళ్లు, షిఫ్టులు, మరపులు అన్నీ కలిపి చూస్తే, అది 100లో ఏడుగురి దాకా వెళ్తుంది. మాత్ర అదే. తేడా అంతా వాడకంలోనే వస్తోంది.

ప్రశ్న: నాకు 36. యలహంకలో ఉంటాం. ఇద్దరు పిల్లలు. ఆరేళ్లుగా ఇవే మాత్రలు, ఫోన్‌లో పాత స్ట్రిప్ ఫోటో చూపిస్తే షాపులో ఇచ్చేస్తారు. ఈ మధ్య నెలకు రెండు మూడు సార్లు తలనొప్పి వస్తోంది, దానికి ముందు ఒక పావుగంట కళ్ల ముందు మెరుపు గీతలు వంకర టింకరగా కదులుతాయి. బీపీ ఎప్పుడూ చూపించుకోలేదు. మా అత్తయ్య ఇవి వాడితే ఒంట్లో వేడి, గర్భసంచి పాడైపోతుంది, క్యాన్సర్ వస్తుంది అంటున్నారు. ఆపాలా?

జవాబు: ఆపండి. షీట్ పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు. ఈ రోజు నుంచే కండోమ్ వాడుతూ ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి, ఈ మధ్య కలిసి ఉంటే ఆ సంగతీ ఆవిడకు చెప్పండి. మీ అత్తయ్యగారు చెప్పిన కారణాలకు కాదు, మీరు మధ్యలో అలా ఒక వాక్యంలో చెప్పేసి వదిలేసిన ఆ మెరుపు గీతల వల్ల. తలనొప్పికి ముందు అలా కనిపించడాన్ని ఆరాతో వచ్చే మైగ్రేన్ అంటారు. అది ఉన్నవాళ్లలో పక్షవాతం వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. ఏ వయసులోనైనా ఈ మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పిన పరిస్థితుల్లో ఇదొకటి. ఆరేళ్లలో ఒక్కసారి ఎవరైనా ఎదురుగా కూర్చోబెట్టి అడిగి ఉంటే ఇది ఎప్పుడో బయటపడేది, షాపు కౌంటర్ దగ్గర ఆ ప్రశ్న ఎవరు అడుగుతారు చెప్పండి!

బీపీ కూడా చూపించుకోండి, రెండు నిమిషాల పని. 140/90 దాటి ఉంటే ఈ మాత్రలు మామూలుగా ఇవ్వం. 35 దాటి పొగ తాగేవాళ్లు, ఎప్పుడైనా కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, గుండెజబ్బు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్, తీవ్రమైన లివర్ జబ్బు ఉన్నవాళ్లు, వీళ్లెవరూ వాడకూడదు. పెద్ద ఆపరేషన్ అయి చాలా రోజులు మంచం మీద ఉండాల్సి వస్తే ముందే ఆపాలి. పాలిచ్చే తల్లులు మొదటి ఆరు వారాలు అసలు ముట్టుకోకూడదు, ఆరు నెలలదాకా కూడా వేరే పద్ధతులే మేలు.

అత్తయ్యగారి భయాలకు కూడా జవాబు చెప్పాలి, ఆవిడ మీ మంచికే అంటున్నారు. గర్భసంచి పాడవదు. మాత్రలు ఆపాక చాలామందికి కొద్ది నెలల్లోనే అండం విడుదల మామూలుగా సాగుతుంది, మధ్య మధ్యలో ఒంటికి రెస్ట్ ఇవ్వాలన్నదీ నిజం కాదు, అలా రెస్ట్ ఇచ్చిన నెలల్లోనే అనుకోని గర్భాలు వస్తుంటాయి. అండాశయ క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ఈ మాత్రలు వాడినవాళ్లలో తగ్గుతాయి. రొమ్ము క్యాన్సర్ ముప్పు వాడుతున్న కాలంలో కొద్దిగా పెరుగుతుంది, ఏళ్ల తరబడి వాడితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు కూడా, ఆపాక రెండూ క్రమంగా తగ్గుతాయి.

రక్తం గడ్డకట్టే భయం గురించి అంకెల్లో చెబితేనే తెలుస్తుంది. మాత్రలు వాడని, గర్భం లేని 10,000 మంది ఆడవాళ్లలో ఏడాదికి ఇద్దరికి ఇది వస్తుంది. లెవోనార్జెస్ట్రెల్ మాత్రలు వాడేవాళ్లలో 5 నుంచి 7 మందికి, దాని బదులు డ్రోస్పిరెనోన్ లేదా డెసోజెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ ఉన్నవాటితో 9 నుంచి 12 మందికి. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత ఇంతకంటే ఎక్కువ మందికి వస్తుంది. అరుదే, కానీ వచ్చినప్పుడు ఆలస్యం చేయకూడదు. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా, ఎప్పుడూ ఎరగనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, తీవ్రమైన కడుపునొప్పి, వీటిలో ఏది వచ్చినా రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లి, నేను ఈ మాత్రలు వాడుతున్నాను అని మీరే చెప్పండి.

మీ విషయంలో ఇద్దరు పిల్లలు చాలనుకుంటే కాపర్-టి చక్కగా సరిపోతుంది, అందులో హార్మోన్ ఉండదు.

ప్రశ్న: మేడమ్, నేను పీణ్యలో ఫ్యాక్టరీలో చేస్తాను. మా ఆవిడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే మాలా-ఎన్ వాడుతోంది. పోయిన వారం ఆమెకు ఊపిరితిత్తుల టీబీ అని చెప్పి ఆరు నెలల మందులు మొదలుపెట్టారు. రెండూ కలిపి వేసుకోవచ్చా? అవసరమైతే మాలా-ఎన్ రోజుకు రెండు వేసుకోమంటారా?

జవాబు: మీరు అడగడం చాలా మంచిదైంది. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ లివర్‌ను తొందరపెట్టి ఈ హార్మోన్లను ఒంట్లోంచి త్వరగా కరిగించేస్తుంది. మాత్ర రోజూ పడుతూనే ఉంటుంది, పనిచేయదు. రెండేసి వేసుకోవడం పరిష్కారం కాదు. టీబీ మందులు ఒక్క రోజు కూడా ఆపొద్దు, మార్చాల్సింది గర్భనిరోధక పద్ధతిని. ఇప్పటికి కండోమ్ వాడండి, అదే ఆసుపత్రిలో కాపర్-టి గానీ, మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ గానీ అడగండి, రెండూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. టీబీ కోర్సు అయిపోయాక కూడా ఇంకో నాలుగు వారాలు రిఫాంపిసిన్ ప్రభావం ఉంటుంది, మళ్లీ మాలా-ఎన్ మీదికి రావాలంటే ఆ లెక్క చూసుకోండి. ఇప్పుడు ఆమెకు గర్భం లేదని ఒకసారి పరీక్ష చేయించుకోవడం కూడా మంచిది.

ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్‌తోనూ ఇదే సమస్య. జ్వరానికీ దగ్గుకీ రాసే అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్‌తో ఈ ఇబ్బంది లేదు.

ప్రశ్న: నాకు 23, బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటాను. పెళ్లి కాలేదు. ఈ మూడు నెలల్లో ఎమర్జెన్సీ పిల్ చాలాసార్లు వేసుకున్నాను, పీరియడ్స్ అస్తవ్యస్తంగా ఉన్నాయి. రేపు పిల్లలు పుట్టరేమోనని భయంగా ఉంది. నా రూమ్మేట్ పీసీఓఎస్‌కు వాడే షీట్ ఒకటి ఇచ్చింది, అది రోజూ వేసుకోవచ్చా? డాక్టర్ దగ్గరికి వెళ్తే పెళ్లయిందా అని అడుగుతారని వెళ్లలేకపోతున్నాను.

జవాబు: ముందు భయం తీసేస్తానమ్మా. ఎమర్జెన్సీ మాత్ర వల్ల పిల్లలు పుట్టకుండా పోరు. కానీ అది మాటిమాటికీ వాడే పద్ధతి కాదు. ఒక్క మాత్రలో 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటుంది, అంటే మాలా-డిలో పది రోజుల డోసు ఒక్కసారే పడుతోంది. నీ పీరియడ్స్ అటూ ఇటూ అవుతున్నది చాలావరకు అందుకే. పైగా అండం అప్పటికే విడుదలైపోతే అది పెద్దగా పనిచేయదు, కాబట్టి ఇంత హార్మోన్ వేసుకుని కూడా రోజువారీ మాత్ర ఇచ్చే రక్షణ నీకు రావడం లేదు. ముందు ఇంట్లోనే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకో. ఒకవేళ పాజిటివ్ వస్తే షాపులో అబార్షన్ కిట్ అడిగి తెచ్చుకుని వేసుకోవద్దు, అది ఎమర్జెన్సీ పిల్ కాదు, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాడితే ప్రాణం మీదికి వస్తుంది.

రూమ్మేట్ షీట్ వద్దు. పీసీఓఎస్‌కు రాసే మాత్రల్లో హార్మోన్ ఏది, ఎన్ని మాత్రల షీటు అన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, కొన్నింటిలో 24 మందు మాత్రలు, 4 ఉత్త మాత్రలు ఉంటాయి. ఆ అమ్మాయి బీపీ, బరువు, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అన్నవి చూసి ఆమెకు రాసిన మందు అది. నీకు ఏది సరిపోతుందో నిన్ను చూసి రాయాలి. రోజువారీ మాత్రలు పీరియడ్ మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెడితే వెంటనే రక్షణ ఉంటుంది, ఇంకెప్పుడు మొదలుపెట్టినా మొదటి ఏడు రోజులు కండోమ్ కావాలి. మొదటి రెండు మూడు నెలలు మధ్యలో కాస్త రక్తం చుక్కలు కనిపించడం, వికారం, రొమ్ముల్లో నొప్పి మామూలే, దానికి భయపడి మధ్యలో ఆపేయొద్దు. ఈ మాత్రలు సుఖవ్యాధుల నుంచి, హెచ్ఐవీ నుంచి కాపాడవు, కాబట్టి కండోమ్ దీనితో పాటు ఉండాల్సిందే.

పెళ్లయిందా అన్న ప్రశ్నకు: నువ్వు మేజర్‌వి, గర్భనిరోధకం అడగడానికి పెళ్లి అక్కర్లేదు, నువ్వు చెప్పింది బయటికి చెప్పకుండా ఉండటం డాక్టర్ బాధ్యత. లోపలికి వెళ్లగానే "నాకు గర్భనిరోధక మాత్రలు కావాలి, బీపీ చూడండి" అని మొదటి మాటే అదిగా చెప్పు. అక్కడ నీతులు చెబితే లేచి వచ్చేసి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లు, ఇంత పెద్ద ఊళ్లో గైనకాలజిస్టులకు కొదవ లేదు. ఈ మూడు నెలల్లో ఎమర్జెన్సీ పిల్ ఏయే తేదీల్లో వేసుకున్నావో, పీరియడ్ ఎప్పుడెప్పుడు వచ్చిందో ఫోన్‌లో రాసుకుని వెళ్లు, ఆవిడ మొదట అడిగేది అదే.