చైనాలోని సుజౌలో ఉన్న మేనల్లుడికి, వాళ్ల పాప చదువు డబ్బు గురించి

రాజమహేంద్రవరం

అల్లుడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. తన ఫ్లాటు అమ్మేసైనా పాపను అమెరికాలో చదివిద్దామని మీ అత్తగారు అంటున్నారని, నీ జీతంలో సగం తెచ్చి డిపాజిట్ వేయమని పోరుతున్నారని, జులై ఎండలో ఏసీ మాత్రం వేయనివ్వరని రాశావు. "ఇది పిసినారితనమో పిచ్చో తెలియడం లేదు మావయ్యా" అన్నావు. రెండూ కాదురా. షాంఘైలో 20 ఏళ్లు అలాంటి చైనావాళ్ల ఇరుగుపొరుగునే బతికాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఆవిడ పట్టు మిల్లులో పనిచేశారు కదా. మిల్లులో ఉద్యోగం అంటే ఇల్లు, ఆసుపత్రి, పింఛను అన్నీ మిల్లే చూసుకునేది. ఇనుప అన్నం గిన్నె అనేవాళ్లు, పగలదని. 1990ల చివర్లో ప్రభుత్వ ఫ్యాక్టరీల్లోంచి కోట్లమందిని ఇంటికి పంపేశారు. "షియాగాంగ్", అంటే అలా ఉద్యోగం పోవడం, అనే మాట ఆవిడ ముందు అని చూడు, ముఖం ఎలా మారుతుందో. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1998లో, కంపెనీ ఇళ్లు ఇవ్వడం ఆపేశారు. వైద్యం ఖర్చూ చాలావరకు జేబులోంచే. దానికి తోడు ఒక్కతే కూతురు, రెండో బిడ్డను కననివ్వని కాలం. కొడుకులూ కోడళ్లూ వంతులేసుకుని చూసుకునే ఇల్లు కాదది. ఉన్నదల్లా బ్యాంకు పుస్తకం. చైనా దేశం మొత్తం సంపాదించినదాంట్లో నూటికి నలభై పైన దాచుకుంటుందని లెక్కలు చెబుతారు. ఆ లెక్క వెనక ఉన్నది మీ అత్తగారే.

కాబట్టి ముందు ఏసీ దగ్గర గొడవ మానెయ్. నువ్వే ఓ మంచి ఏసీ కొని కరెంటు బిల్లు నీ ఫోన్‌లోంచి కట్టెయ్, బిల్లు ఆవిడ కంట పడకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. షాంఘైలో మా ఎదురింటావిడ దగ్గర ఒక నీలం బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో మూడేళ్ల డిపాజిట్ రసీదులు, గడువు తీరే తేదీ వరసన, రబ్బరు బ్యాండు వేసి. కొడుకు పుట్టిన నెలలో కానుకగా వచ్చిన ఎర్ర కవర్ల డబ్బుతో మొదలుపెట్టిందట. ఏటా కొత్త సంవత్సరం రాత్రి పిల్లాడికి పెద్దలు ఇచ్చే యాసుయ్‌చియెన్ ఆ ఒక్క రాత్రే వాడి దిండు కింద ఉండేది, తెల్లారితే డబ్బాలోకి. దాంతోపాటు ఒక నోట్‌బుక్. మూడే పేజీలు: ఆసుపత్రి, ఇల్లు, కొడుకు. ఒక పేజీ డబ్బు ఇంకో పేజీకి పోనిచ్చేది కాదు.

2014లో కొడుకు అమెరికా వెళ్లాడు. ఫీజూ తిండీ గదీ కలిపి ఏడాదికి 45,000 డాలర్లు. డాలరు 6.1 యువాన్ల లెక్కన 2,74,500 అని రాసుకుంది. మరుసటి ఆగస్టులో యువాన్ విలువ తగ్గించారు. 2016 చివరికి డాలరు 6.9 దాటింది. అదే ఫీజు 3,10,500 అయింది. ఏడాదికి 36,000 తేడా. ఎక్కడినుంచి తెస్తుంది? మొదటిసారి పేజీ దాటింది.

2018 చలికాలంలో వాళ్లాయన గుండెకు స్టెంట్ వేయాల్సి వచ్చింది. ఆవిడ మా తలుపు తట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా, నోట్‌బుక్ తెరిచి నా ముందు పట్టుకుంది. ఆసుపత్రి పేజీ నిండా కొట్టివేతలే. అడుగున మిగిలిన అంకె మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు నెలల అద్దెకు కూడా రాదు. అప్పు అడగడం రాక పుస్తకం చూపించింది పాపం.

అందుకే చెబుతున్నాను, కాలేజీ పేరు తర్వాత. ముందు ముట్టుకోకూడని డబ్బు ఎంతో తేల్చండి. మీ ఇద్దరి నెత్తిన నలుగురు పెద్దలున్నారు, మా అక్కాబావలతో కలిపి. అత్తగారి ఫ్లాటు, ఆ నలుగురి వైద్యం డబ్బు పాప చదువు లెక్కలోకి రానేకూడదు. ఆవిడ ప్రేమతో ఇస్తానంటారు, నువ్వు మర్యాదగా వద్దనాలి.

అసలు ఫ్లాటు అమ్ముదామన్నా 2017 నాటి బేరం కాదిది. అప్పట్లో షాంఘైలో రెండో ఫ్లాటు అమ్మి పిల్లల్ని పంపినవాళ్లను చూశాను, మన కోనసీమలో కొబ్బరితోట అమ్మినట్టు. 2021లో ఇళ్లు కట్టే పెద్ద కంపెనీ ఎవర్‌గ్రాండ్ కుప్పకూలిన దగ్గర్నుంచి ఇళ్ల ధరలు దిగుతూనే ఉన్నాయి. అక్కడి కేంద్ర బ్యాంకు 2019 సర్వే ప్రకారం పట్టణాల్లో నూటికి 96 కుటుంబాలకు సొంతిల్లు ఉంది. అందరి దగ్గరా ఉన్న సరుకు అవసరానికి అమ్ముడుపోతుందని నమ్ముకోకు.

డిపాజిట్లంటావా, పాత రోజులు పోయాయి. 2025 మేలో పెద్ద బ్యాంకులు ఏడాది డిపాజిట్‌కు 0.95 శాతం చేశాయి. లక్ష యువాన్లకు ఏడాదికి 950. అయినా వేయండి, పోదు కాబట్టి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల యువాన్ల దాకా బీమా ఉంటుంది, అది దాటితే బ్యాంకు మార్చండి. కౌంటర్‌లో అమ్మాయి నవ్వుతూ "లీచాయ్" అని ఇంకో కాగితం ముందుకు తోస్తుంది. అది డిపాజిట్ కాదు, మన డబ్బును బాండ్లలో, అలాంటివాటిలో పెట్టే పథకం. నేను చదవకుండా సంతకం పెట్టాను. 2022 నవంబరులో బాండ్లు పడినప్పుడు వేసినదానికంటే తక్కువ చూపించింది నా ఫోన్. మా ఆవిడకు మూడు నెలలు చెప్పలేదు.

మారకం సంగతి నీకు ముఖ్యం. పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. పదిహేను వచ్చేదాకా యువాన్లలోనే దాచండి, ఏ దేశమో తెలియకుండా డాలర్లు కొని ఏం చేస్తారు? అది తేలాక ఏటా కొంచెం కొంచెం ఆ దేశపు డబ్బులోకి మార్చి మీ బ్యాంకులోనే విదేశీ డిపాజిట్‌గా పెట్టండి. నీ భార్యకు చైనా పౌరురాలిగా ఏడాదికి 50,000 డాలర్ల దాకా కొనుక్కునే కోటా ఉంటుంది. ఫీజు అంతకు మించితే అడ్మిషన్ లెటరు, ఫీజు నోటీసు చూపిస్తే పైన కూడా ఇస్తారు. నీ జీతం సంగతి వేరు, పన్ను కట్టిన రసీదులు, ఉద్యోగం కాంట్రాక్టు చూపించి మార్చుకోవచ్చు. కాబట్టి ఏ ఏటి పన్ను కాగితం ఆ ఏడే ఫైల్లో పెట్టు. నీ అలవాటు నాకు తెలుసు.

ఒక్క పని చేయకు. అత్తమామల కోటా, పిన్నిగారి కోటా వాడి తలా కాస్త ఒకే ఖాతాకు పంపించడం. "చీమలు ఇల్లు మారడం" అంటారు దాన్ని. దొరికితే పేరు జాబితాలోకెక్కి, ఆ ఏడూ తర్వాత రెండేళ్లూ కోటా పోతుంది. సరిగ్గా ఫీజు కట్టాల్సిన ఏడాదే ఇలా ఇరుక్కున్నవాళ్లున్నారు.

ఇంతకీ అమెరికాయే ఎందుకు? 2023-24లో అక్కడ మన దేశపు పిల్లలు 3,31,602 మంది, చైనా పిల్లలు 2,77,398. మనవాళ్లు ఎక్కువగా లోను తీసుకుని ఎమ్మెస్‌కు వెళతారు. చైనావాళ్లలో చాలామంది డిగ్రీకే వెళతారు, తల్లిదండ్రుల డబ్బుతో నాలుగేళ్లు. ఖర్చు పెరిగేది అక్కడే. మీకు దగ్గర్లోనే నింగ్బోలో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీ క్యాంపస్ 2004 నుంచీ ఉంది, మీ సుజౌలోనే లివర్‌పూల్ యూనివర్సిటీతో కలిసి నడిచేది ఉంది. రెండేళ్లు అక్కడ, రెండేళ్లు బయట అనే దారీ ఉంది. మీ అత్తగారికి ఇది నచ్చకపోవచ్చు, విమానం ఎక్కని చదువు ఆవిడ లెక్కలో చదువు కాదు.

ఎదురింటి కుర్రాడు 2018లోనే డిగ్రీ పట్టుకుని తిరిగొచ్చాడు. విదేశాల్లో చదివి వచ్చినవాళ్లను "హైగుయ్" అంటారు, పలకడానికి సముద్రపు తాబేలు. ఉద్యోగం కోసం ఎదురుచూసేవాళ్లను "హైదాయ్", సముద్రపు నాచు. వీడు ఎనిమిది నెలలు నాచుగానే ఉన్నాడు, తండ్రికి మందులిచ్చుకుంటూ. మంచి పిల్లాడు, వాడి తప్పేం లేదు.

శనివారం అత్తగారితో కూర్చున్నప్పుడు పాప మాట ఎత్తకు. "అత్తయ్యా, మీ ఆసుపత్రి పేజీలో ఎంతుంది?" అని అడుగు. మధ్యలో నీ భార్య ఉండాలి, నీ చైనీస్ మీద నాకు నమ్మకం లేదు.

ఆత్రేయపురం పూతరేకులు పంపుతున్నాను. పోయినసారి ఆవిడ కాగితమనుకుని పొరలు విప్పబోయారు. వైట్ రాబిట్ పాలబిళ్ల మీద ఉండే బియ్యప్పొర లాంటిదే, తినేయొచ్చని ముందే చెప్పు.

మీ మావయ్య