ట్రైనింగ్ పాఠాలు తయారుచేయడానికి వాడే ‘అడ్డీ’ (ADDIE) మోడల్ కాలేజీల్లో పుట్టిందా, సైన్యంలోనా?

రెండిట్లోనూ అనాలి: 1975లో దాని మూలరూపాన్ని తయారుచేసింది అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ, చేయించుకున్నది అక్కడి సైన్యం. అనాలిసిస్, డిజైన్, డెవలప్‌మెంట్, ఇంప్లిమెంటేషన్, ఎవాల్యుయేషన్ అనే ఐదు దశల ఇంగ్లిష్ మొదటి అక్షరాలతో ఆ పేరు తర్వాత స్థిరపడింది.

సైన్యానికి ఇదెందుకంటే, వేలమందికి వేర్వేరు చోట్ల వేర్వేరు ఇన్‌స్ట్రక్టర్లు నేర్పినా చివరికి అందరూ ఒకే పనిని ఒకే స్థాయిలో చేయగలగాలి, అందుకే పాఠం సిలబస్‌తో కాకుండా డ్యూటీలో చేయాల్సిన పనితో మొదలవుతుంది. ఉదాహరణకి రేడియో ఆపరేటర్‌కి ‘రేడియోపై అవగాహన’ అని లక్ష్యం రాస్తే దాన్ని కొలిచేదెలా? ‘చీకట్లో, ఎవరి సాయం లేకుండా బ్యాటరీ మార్చి, చెప్పిన ఫ్రీక్వెన్సీ పెట్టి, ఇచ్చిన టైములో మెసేజ్ పంపాలి’ అని రాస్తే పరీక్ష ఏమిటో, క్లాసులో ఏం చేయించాలో అక్కడే తేలిపోతుంది. స్కూళ్లు, కాలేజీల స్టాఫ్ ట్రైనింగుల్లో తరచూ ఎగ్గొట్టేది సరిగ్గా చేయాల్సిన పనేంటో తేల్చుకునే ఈ మొదటి దశనే, నేరుగా స్లైడ్లకి దిగిపోతారు.

చాలామంది పొరబడేదేంటంటే, ఐదు దశలూ వరసగా ఒక్కసారి చేసేసి, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపిస్తే ఎవాల్యుయేషన్ అయిపోయిందనుకోవడం. తయారైన పాఠాన్ని ముందే కొద్దిమందితో చేయించి చూడటం కూడా ఎవాల్యుయేషనే, అక్కడ తేడా కొడితే వెనక్కెళ్లి డిజైన్ మార్చాల్సిందే.