యుద్ధంలో, బాంబు పడని ఆసుపత్రుల్లో కూడా పసిపిల్లలు ఎందుకు చనిపోతారు?

ముఖ్యంగా కరెంటు పోవడం వల్ల. మన విశాఖలో 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుందా? కూలిన చెట్లు తీసి రోడ్లు తెరిస్తే జనరేటర్లకు డీజిల్ వచ్చేది. ముట్టడిలో ఉన్న ఊరికి ఆ డీజిలే రానివ్వరు. నా దృష్టిలో అదీ ఆసుపత్రి మీద దాడే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఒంట్లో కొవ్వు తక్కువ, మనలా వణికి వేడి పుట్టించుకోలేదు, అందుకే ఇంక్యుబేటర్ ఆగిపోతే ఒళ్లు చల్లబడుతూ, వేడి కోసం ఉన్న కాస్త చక్కెరా ఆక్సిజనూ ఖర్చయిపోయి ఊపిరి ఆగిపోయే దాకా వస్తుంది. 2023 నవంబరులో గాజాలోని అల్ షిఫా ఆసుపత్రిలో జరిగింది ఇదే. ఇంక్యుబేటర్లలోంచి తీసిన పిల్లల్ని మంచం మీద పక్కపక్కనే పడుకోబెట్టి, వెచ్చదనం కోసం ఫాయిల్ చుట్టారు. కొందరు దక్కలేదు. నవంబరు 19న 31 మందిని బయటికి తరలించారు, వాళ్లందరికీ తీవ్రమైన ఇన్ఫెక్షన్లు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నీళ్లు లేకపోతే నర్సు చేతులు కడుక్కోవడం, పాలసీసా మరిగించడం కూడా కుదరదు మరి.

తల్లి గుండెలకు హత్తుకుంటే చాలదా అని అడగొచ్చు. మిషన్లు చాలకే 1978లో కొలంబియాలో ఇలా హత్తుకునే కంగారూ పద్ధతి మొదలైంది, అది నిజంగా ప్రాణాలు కాపాడుతుంది. కానీ ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగని బిడ్డకు ఆక్సిజన్ తప్పనిసరి, పైగా యుద్ధంలో చాలాసార్లు ఆ తల్లి గాయపడి వేరే వార్డులో ఉంటుంది, లేదా అసలు బతికే ఉండదు.