నీ పాట ఎవరిని పిలుస్తోంది?

తిరుపతి

అమ్మాయీ,

నీ కవరు అందింది. పాట చదివాను, దాంతోపాటు పెట్టిన ఉత్తరమూ చదివాను. పాట మొదలు చదువుతుంటే కోపం వచ్చింది, దాచుకోను. 'కన్నీటి సంద్రాన నావనై సాగనీ ఓ మనసా' అని ఎత్తుకున్నావు. మీది బంగారుపాళ్యం పక్కన పల్లె. ఇంటి చుట్టూ తోతాపురి మామిడి తోటలు. ఈ సంద్రం, నావ, తీరం, తుఫాను ఎవరి కష్టం? నీది కాదు. నీకంటే ముందు ఎంతోమంది వాడి వాడి అరగదీసిన కష్టం. మీ ఇంట్లో ఇంత జరుగుతుంటే దాన్ని పక్కనపెట్టి, ఎవరో వదిలేసిన బాధను ఎత్తుకొచ్చి పాడుతున్నావు.

రెండో చరణం దగ్గర మాత్రం ఆగిపోయాను.

'జేబులోన తూకం చీటీ, కంచంలోన ఆరిన సంగటి.'

మీ నాన్న కనపడ్డాడు నాకు. ఈ రెండు ముక్కలు రాయగలిగిన పిల్ల ఆ నావ ఎందుకు ఎక్కిందో నాకు అర్థం కాలేదు. అందుకే వెంటనే జవాబు రాస్తున్నాను.

2025 జూన్‌లో నాన్న పల్ప్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరసలో రెండు రాత్రులు పడుకున్నాడని ఉత్తరంలో రాశావు. కాయలు మాగిపోయి కారడం మొదలైందని రాశావు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు గానీ చేతికొచ్చిన లెక్క వేరే అని రాశావు. అప్పటినుంచి ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదన్నావు. అలిపిరి మెట్లెక్కి ఒక పూటంతా కూర్చున్నా ఒక్క ముక్క రాలేదని, ఇలాంటి టైంలో ఇన్‌స్పిరేషన్ ఎక్కడ తెచ్చుకోవాలి సార్ అని అడిగావు.

కష్టంలో ఉన్నవాళ్ళకు పాట ఎక్కడినుంచో దిగిరాదమ్మా. ఎవర్నో ఒకర్ని పిలవాలనిపిస్తే వస్తుంది. నేను నమ్మింది ఇదొక్కటే. ఎవరు కాదన్నా వినను.

మా నాయన పోయిన రోజు మా మేనత్త పీలేరు దగ్గరి పల్లె నుంచి వచ్చింది. చదువు లేని మనిషి. వాకిట్లో కూలబడి రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. 'తెల్లారి ఎనుము పాలెవరు పిండేది అన్నా! బాయికాడ మోటరెవరు ఆపేది అన్నా! అంగట్లో బాకీ ఎవరు కట్టేది అన్నా!' అలా ఇంట్లో వస్తువు ఒక్కోటీ ఎత్తుకుంటూ పోయింది. చీకటి అనలేదు, విధి అనలేదు. ప్రతి మాటా మా ఇంటిదే. ప్రతి మాట చివరా ఆ 'అన్నా' అనే పిలుపు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆ పిలుపు దగ్గరికి వచ్చేసరికి తామూ గొంతు కలిపారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ సైగ చేయలేదు. ఆ వాకిట్లోనే నాకు పాట అంటే ఏమిటో తెలిసింది.

కొన్నాళ్ళకు ఆ మాటల్నే పాటగా కట్టి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు 'మోటరు' కొట్టేసి 'జీవజలం' పెట్టాడు. 'బాకీ' కొట్టేసి 'ఋణం' అన్నాడు. ప్రతి పాదంలో 'అన్నా' ఎందుకు, పునరుక్తి దోషం అని ఒక్కచోట ఉంచి మిగతావన్నీ తీసేశాడు. నన్ను అడగనైనా అడగలేదు. అచ్చులో చూసుకుని ఆ రాత్రి అన్నం తినలేదు. ఆయన తీసేసింది దోషం కాదు, మా అత్త గొంతు. ఇన్నేళ్ళయినా ఆ కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు.

అన్నమయ్యను చూడు. 1408లో పుట్టి 1503 దాకా బతికినవాడు. రాజు ఆయనకు సంకెళ్ళు వేయించాడని మనవడు చిన్నన్న రాశాడు. ఆయన కీర్తన ఒకటుంది, నువ్వు వినే ఉంటావు. ఆకలైన వేళ, అలసిన వేళ, చెరపడిన వేళ, సంకెల పెట్టిన వేళ, అప్పులవాళ్ళు అడ్డం నిలిచిన వేళ అంటూ వరసగా చెప్పుకుపోతాడు. అప్పులవాళ్ళను కూడా స్వామి ముందుకు తెచ్చాడు, సిగ్గుపడలేదు. ఆ 'వేళ' అనే మాట మళ్ళీ మళ్ళీ రావడం పునరుక్తి అని ఎవరనగలరు? ప్రతిసారీ చివరికి పోయి పట్టుకునేది హరినామాన్నే. మా మేనత్త ఆ కీర్తన విన్నదో లేదో గానీ, కష్టాన్ని వస్తువు వస్తువుగా చెప్పి ఒక్కర్నే పిలవడం ఇద్దరికీ తెలుసు.

ట్యూన్ రావడం లేదని నీకు చాలా టెన్షన్‌గా ఉన్నట్టుంది. అన్నమయ్య కీర్తనలున్న తిరుమల రాగిరేకుల మీద రాగం పేరు చెక్కారు గానీ స్వరాలు చెక్కలేదు. ఆయన పాడిన వరసలు పోయాయి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి పెద్దలు పోయిన శతాబ్దంలో కొత్తగా స్వరాలు కట్టారు. వరస పోయినా పిలుపు నిలబడింది కాబట్టే ఆ పని చేయగలిగారు. సినిమా ట్రాక్ పెట్టుకుని దాని మీద మాటలు కూర్చడం మాత్రం ఈరోజే మానెయ్. క్యాసెట్ల కాలంలో తిరుపతిలో ఒక వ్యాపారి నాచేత అదే రాయించుకున్నాడు. హిట్ పాట వరస ఇచ్చి దేవుడి పేర్లు సరిపోయేలా పెట్టమనేవాడు. లాడ్జీలో గుమాస్తా పని చేసుకుంటూ రాత్రుళ్ళు రాసేవాణ్ణి. అట్ట మీద నా పేరు వేయలేదు, మాటిచ్చిన డబ్బులూ ఇవ్వలేదు. ఇప్పుడు ఆ క్యాసెట్ల బదులు 'లే, పోరాడు, గెలుపు నీదే' అనే పాటలు వచ్చాయి. ట్రాక్టర్ల వరసలో రెండో రాత్రి గడుపుతున్న రైతుకు లే అని చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆయన పడుకుంటే కదా లేవడానికి!

నువ్వు చేయాల్సిన పని చెబుతాను. 'ఓ మనసా' తీసెయ్. మనసును పిలిచే పాటకు బదులు పలికేవాళ్ళు ఉండరు. మీ ఊళ్ళో చెక్కభజన చూసే ఉంటావు. గురువు ఎత్తుకుంటాడు, గుంపు అందుకుంటుంది. రెండోసారి వినేసరికి గుంపు అందుకోలేని పల్లవిని వాళ్ళు ఉంచుకోరు. నీ పల్లవీ అంత పొట్టిగా ఉండాలి, ఒక మనిషిని పిలవాలి. అయితే మేనత్త వరస తీసుకోవద్దు. అది పోయినవాళ్ళ కోసం పాడేది. మీ నాన్న నిండు నూరేళ్ళు ఉండాలి.

ఆయన్నే అడుగు. ఆ రెండు రాత్రుల్లో ఎక్కువసార్లు ఏ మాట అన్నావు నాన్నా అని అడుగు. నా ఊహ చెప్పనా? ముందు ట్రాక్టరాయన్ని పట్టుకుని 'కదిలిందా అన్నా?' అని అడిగి ఉంటాడు. వెనక బండివాడు మీ నాన్నను అదే అడిగి ఉంటాడు. అదే నిజమైతే పల్లవి ఆ వరసలోనే పుట్టి ఉంది, నువ్వు కొత్తగా తెచ్చేదేమీ లేదు. తూకం చీటీ, సంగటి, కారిపోయిన కాయ, ట్రాక్టరు బాడుగ, ఇవన్నీ ఆ పిలుపు చుట్టూ చేరతాయి. ప్రాస కుదరకపోతే వదిలెయ్, మాట మార్చొద్దు. మొదట కాగితం మీద రాయకు. పాత్రలు తోముతూనో, బస్సులో కూర్చునో నోటితోనే అనుకో. నాలుగు రోజుల తర్వాత కూడా నోట్లో నిలిచిందే రాసుకో.

మిగతా ప్రశ్నలు, సినిమా అవకాశాలు, యూట్యూబ్ చానల్, అవన్నీ ఇప్పుడు నన్ను అడగొద్దు.

పాట కుదిరాక ఫోన్లో పాడి పంపు. ట్రాక్ వద్దు. వెనక మీ అమ్మ మాటలు వినపడినా పర్వాలేదు. ఆ కిలోకు 4 రూపాయలు నాన్న ఖాతాలో పడ్డాయో లేదో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ సార్