కొనకుండా వెళ్ళినవాళ్ళ పుస్తకం

చీరాల

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

మొన్న ఫోనులో ఓ మాట అన్నావు. "చీరల కొట్టు తెరిచి రెండు నెలలైంది పెదనాన్నా. రోజుకి పదిమంది వస్తే ఇద్దరు కొంటున్నారు. మిగతా ఎనిమిది మందీ టైంపాస్ బేరాలే." అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను. కానీ ఫోనులో నేను సగం చెప్పేలోపు మీ పెద్దమ్మ అందుకుంటుంది. అందుకని ఉత్తరం.

అమ్మాయీ, ఆ ఎనిమిది మందే నీ వ్యాపారం. కొన్న ఇద్దరూ అవసరం పడి వచ్చారు. నీ కొట్టు లేకపోతే పక్క కొట్లో కొనేవాళ్ళు. ఈ ఎనిమిది మంది ఏ అవసరమూ లేకుండా నీ మెట్లెక్కారు. మియాపూర్‌లో అన్ని కొట్లుండగా నీ కొట్టు ముందే వాళ్ళ కాలు ఎందుకు ఆగిందో నువ్వు కనుక్కోవాలి.

చీరాలని ఒకప్పుడు చిన్న బొంబాయి అనేవాళ్ళు. గుడ్డల మార్కెట్లో ఈ కొట్లో ఉన్న సరుకే ఆ కొట్లోనూ ఉండేది. జాండ్రపేట మగ్గం మీద దిగిన చీర నాకు ఎంతకొచ్చేదో ఎదురు కొట్టాయనకీ అంతకే వచ్చేది. ధర తగ్గించి ఎవడూ ఎంతోకాలం నిలబడలేదు. ఆ మార్కెట్లో ముప్పై ఐదేళ్ళు నెట్టుకొచ్చానంటే ఒక పాత డైరీ పుణ్యమే. పద్దు పుస్తకం అందరికీ ఉండేది. నేను రెండోది కూడా పెట్టుకున్నాను, కొనకుండా వెళ్ళినవాళ్ళ కోసం. చాలామంది పేర్లు తెలిసేవి కావు. "బాపట్ల అక్కాచెల్లెళ్ళు, నెమలికంఠం రంగు, సన్నంచు, అత్తగారికి." అంతే, ఒక్క ముక్క. ఆ రంగు మగ్గం దిగినప్పుడు, అడ్రసు ఇచ్చి వెళ్ళినవాళ్ళయితే ఓ కార్డు ముక్క రాసేవాణ్ణి. చీర కొనమని కాదు. "మీరు అడిగిన రంగు వచ్చింది. వచ్చే ఆదివారం దాకా పక్కన పెడతాను" అని. సగంమంది రాలేదు. వచ్చినవాళ్ళు మాత్రం ఆ కార్డు చేత్తో పట్టుకుని వచ్చారు.

మరి వాళ్ళకి కావలసింది మనకి తెలిసేదెలా? నువ్వు గడపలోనే "ఎంతలో చూపించమంటారండీ?" అని అడుగుతున్నావు కదూ. మానెయ్యి. పక్కన ఆడపడుచు ఉంటుంది, ఎదురింటావిడ ఉంటుంది. వాళ్ళ ముందు తన స్తోమతు చెప్పమని నువ్వు అడుగుతున్నావు. తక్కువ చెబితే నామోషీ, ఎక్కువ చెబితే భయం. ముందు కూర్చోబెట్టు, మంచినీళ్ళియ్యి. తక్కువది, మధ్యరకం, ఖరీదైనది ఒక్కొక్కటి తీసి, ధర ఎత్తకుండా ముందు పరుచు. చెయ్యి దేనిమీద ఆగిందో చూడు. నోరు మొహమాటానికి మాట్లాడుతుంది. వేళ్ళకి ఆ బాధ లేదు.

ఇరవై చీరలు విప్పాక ఏమీ కొనని మనిషికి లోపల బెరుగ్గా ఉంటుంది. ఆ క్షణం నీ మొహం ఎలా ఉంటే, వాళ్ళ మనసులో నీ కొట్టు అలా మిగిలిపోతుంది. మా కొట్లో ఓ కుర్రాడు ఉండేవాడు, మహా పనిమంతుడు. మనిషి మెట్లు దిగకముందే నిట్టూర్చి, చీరలు టపటపా మడతపెట్టేవాడు. నోటితో ఒక్క మాటా అనేవాడు కాదు, ఆ చప్పుడే అన్నీ చెప్పేది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆ గుట్టని ముట్టుకోవద్దని వాడికి చెప్పుకోవలసి వచ్చింది.

ఇంకొకటి, సరుకు గురించి వాళ్ళకి నాలుగు ముక్కలు నేర్పు. పాతకాలపు మంగళగిరి చీరకి ఒంటిమీద నేత బుటాలుండవనీ, అందమంతా అంచు జరీలోనే అనీ చెప్పు. అంచుల వెంబడి సన్నగా కనిపించే సూది చిల్లులు చూపించు. అవి నేసేటప్పుడు బట్టని సాగదీసి పట్టుకునే కర్ర వల్ల పడతాయి. పట్టు అని చెప్పి అమ్మేటప్పుడు పోగు లాగి కాల్చి చూపించు. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడయ్యే బూడిద. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. "మీరు ఎక్కడ కొన్నా ఇలా చూసి కొనుక్కోండి" అని పంపు. వేరే కొట్లో కొంటారేమోనని బెంగపడకు. ఆ కొట్లో కూర్చుని పోగు చూస్తున్నప్పుడు వాళ్ళకి గుర్తొచ్చేది నువ్వే. ముదురు రంగు నూలు చీర మొదట్లో రంగు దిగుతుందని కూడా అమ్మకముందే చెప్పు. ఉతికాక వాళ్ళంతట వాళ్ళు తెలుసుకుంటే నువ్వు దొంగవి.

డైరీ గురించి గొప్పలు చెప్పాను కాబట్టి, అది నన్ను తలదించుకునేలా చేసిన సంగతీ చెప్పాలి. వేటపాలెం వైపు నుంచి ఓ తల్లి వచ్చింది. కూతురికి సంబంధం కుదిరింది, పెళ్ళి ఫాల్గుణంలో. చీరలు చూసి, మళ్ళీ వస్తామని వెళ్ళింది. ఎదురింటివాళ్ళ ఫోను నంబరు ఇచ్చింది. రాసుకున్నాను. మాఘం రాగానే ఫోను చేసి, హుషారుగా "అమ్మా, పెళ్ళికూతురి చీరలు సిద్ధంగా ఉన్నాయి" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "ఆ సంబంధం తప్పిపోయిందండీ" అంది. ఎదురింట్లో నలుగురి మధ్య నిలబడి చెప్పింది ఆ మాట. ఆవిడ మళ్ళీ మా కొట్టుకి రాలేదు. స్టేషను రోడ్డులో ఎప్పుడైనా ఎదురైతే నమస్కారం పెట్టేది, నేనూ పెట్టేవాణ్ణి.

రాసుకోవడం తప్పు కాదు. రాసుకున్నది వాళ్ళ ముందు ఒలకబోయడం తప్పు. అప్పట్నుంచి ఎవరికి ఫోను చేసినా ముందు "అందరూ కులాసానా అమ్మా?" అని ఆగేవాణ్ణి. శుభవార్త ఉంటే వాళ్ళే ఎత్తుతారు. ఎత్తకపోతే ఆ ఊసు నాకెందుకు?

ఇప్పుడు నీకు వాట్సాప్ ఉంది. బ్రాడ్‌కాస్ట్‌లో నువ్వు పంపింది, నీ నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళుతుందట కదా. నీ పిన్ని కొడుకు చెప్పాడు. నాకు భలే నచ్చింది, మర్యాదంటే అది. కనుక నంబరు తీసుకోవడం కాదు, నీ నంబరు వాళ్ళు దాచుకునేలా చెయ్యి. ఒప్పుకోనివాళ్ళకి ఒక్క ఫొటో పంపకు. అందర్నీ కలిపి గ్రూపులో పడేశావంటే ఒకరి నంబరు అందరికీ తెలిసిపోతుంది, ఆ పని అసలే వద్దు. పొద్దున్నే పువ్వులు, సుభాషితాలు పంపకు. ఫొటోలు పగటి వెలుతురులో తియ్యి. ధర కిందే రాయి. "ధర కోసం మెసేజ్ చేయండి" అన్న మాట చూస్తే నాకే చిరాకు, కొనేవాళ్ళకి ఉండదా?

చుట్టాల్ని వదిలెయ్యి. పేరంటానికి వెళ్ళి అక్కడ బేరం పెట్టకు. నీ కొట్టు చీర కట్టుకుని వెళ్ళు, తాంబూలం తీసుకుని రా. ఎక్కడిదని ఎవరైనా అడిగితే కొట్టు పేరు చెప్పు, అంతకుమించి ఒక్క ముక్క వద్దు.

స్నేహం చేసుకోవలసింది మీ వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడతో. ఏ ఇంట్లో పెళ్ళి అనుకుంటున్నారో, ఏ కొట్టు చీర ఒక్క ఉతుకుకే వెలిసిందో, ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కమీషన్ మాట ఎత్తకు. ఇచ్చావంటే రేపు ఎక్కువిచ్చేవాడి పేరు చెబుతుంది. ఫాల్, పీకో పని నీ కొట్టునుంచి ఆవిడకే పంపు, డబ్బులు ఏరోజుకారోజు ఇచ్చెయ్యి.

అరువు మాత్రం కొత్తవాళ్ళకి ఇవ్వకు. డబ్బు పోతుందని కాదు. బాకీ పడ్డ మనిషి మన వీధిలోంచి నడవదు, చుట్టూ తిరిగి వెళుతుంది. ఆరువందల రూపాయల దగ్గర ఒక కుటుంబాన్నే పోగొట్టుకున్నవాణ్ణి నేను.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, కొట్టు ఖాళీగా ఉంటుంది. డిస్కౌంటు బోర్డు పెట్టి కూర్చోక, ఆ నెలంతా ఈ పని చెయ్యి. ఈ రెండు నెలల్లో కొనకుండా వెళ్ళినవాళ్ళలో గుర్తున్నంతమందిని కాగితం మీద పెట్టు. పేరు తెలియకపోతే గుర్తు రాయి: కళ్ళజోడు పెట్టుకున్న బ్యాంకావిడ, కవల పిల్లల తల్లి, ఇలా. పక్కనే ఏ రంగు అడిగారో, దేనిమీద చెయ్యి ఆగిందో రాసి నాకు పంపు. శ్రావణం లోపు జాండ్రపేట, ఈపూరుపాలెం వెళ్ళి ఆ రంగులు ఎవరి మగ్గం మీదైనా ఉన్నాయేమో చూసి వస్తాను. మోకాళ్ళు నొప్పులే గానీ ఆటో ఎక్కగలను.

పెద్దమ్మ గోంగూర పచ్చడి సీసా కట్టింది. మీ నాన్న వచ్చేటప్పుడు తెస్తాడు.

ఇట్లు,
పెదనాన్న