మెయిన్ దించినా లిఫ్టు కదులుతుంది, అల్లుడూ

అల్లుడికి ఆశీస్సులు.

కొత్త లిఫ్టు వచ్చాక మీ అపార్ట్‌మెంట్ పాత లిఫ్టు మూడు నెలలుగా ఊరికే ఉందనీ, దాన్ని తీసేసి అది పైకీ కిందికీ తిరిగే ఆ షాఫ్టులో అంతస్తుకొక స్టోర్ రూము కట్టుకుందామని అసోసియేషన్‌లో తీర్మానం చేశారనీ అక్క ఫోన్లో చెప్పింది. మంచిదే. "ఆడని లిఫ్టే కదా, మన ఎలక్ట్రీషియన్ ఒక్క రోజులో ఊడదీస్తాడు" అని నువ్వన్నావట. అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

నా సంగతి ఒకటి చెప్తాను విను. అప్పట్లో ఒక బిల్డింగులో కేబిన్ నెత్తిమీద కూర్చుని పని చేస్తున్నాను. డోర్ మూసే ఉంది. పైన మెషిన్ రూములో హెల్పర్ మెయిన్ స్విచ్ దించాడు. కరెంటు పోయిందనుకుని రోప్ మీద చెయ్యి వేశాను. కొద్ది సెకన్లలో కేబిన్ దానంతటదే కదిలింది! కరెంటు పోతే లోపలివాళ్లను దగ్గరి అంతస్తుకు చేర్చడానికి ఏఆర్‌డీ అని ఒక పెట్టె ఉంటుంది, బ్యాటరీల మీద నడుస్తుంది. మెయిన్ పోవడమే దానికి సిగ్నల్. కేబిన్ మీదున్న స్టాప్ బటన్ ముందే నొక్కి ఉంటే అది కదిలేది కాదు. నేను నొక్కలేదు. వేళ్లు మిగిలాయి, అంతే. మీ లిఫ్టు మెయిన్ ఇంకా ఆన్‌లోనే ఉందంటే ఆ బ్యాటరీలు ఇవాళ్టికీ చార్జ్ అవుతూనే ఉంటాయి.

కాబట్టి బోర్డులో లిఫ్టు స్విచ్చు, అదే ఎంసీబీ, దించి ఊరుకోవద్దు. ఎవడో ఒకడు వచ్చి మళ్లీ ఎత్తుతాడు. కింద మీటర్ బోర్డు దగ్గరే లిఫ్టుకి వెళ్లే కేబుల్ విప్పించు. ఏఆర్‌డీ బ్యాటరీల వైర్లు వేరుగా తీయించు. కేబిన్ లైటు, ఫ్యాను చాలాచోట్ల వేరే సింగిల్ ఫేజ్ లైను మీద ఉంటాయి, అది కూడా వెతకాలి. జనరేటర్ నుంచి లిఫ్టుకి లైను ఉందేమో కూడా చూడాలి, లేకపోతే ఊళ్లో కరెంటు పోయిన క్షణంలో షాఫ్టులోకి కరెంటు వస్తుంది. మీది డ్రైవ్, అంటే మోటారు వేగాన్ని మార్చే పెట్టె, ఉన్న ప్యానెల్ అయితే 415 వోల్టుల త్రీ ఫేజ్ లోపల డీసీగా మారి 580 వోల్టుల దాకా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. ఆపాక పావుగంట ఆగి, మల్టీమీటర్‌తో డీసీ చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. జేబులో టెస్టర్‌ని నమ్మొద్దు.

ఊడదీసే పని లిఫ్టు కంపెనీ వాళ్లకే ఇవ్వండి. రోప్‌కి అవతలి కొసన వేలాడే కౌంటర్ వెయిట్ ఖాళీ కేబిన్ కన్నా బరువు, మోసే లోడులో దాదాపు సగం దానికి అదనంగా కలిపి ఉంటుంది. బ్రేకు వదిలితే ఖాళీ కేబిన్ కిందికి కాదు, పైకి దూసుకెళ్తుంది.

ఇక స్టోర్ రూముల వైరింగ్. కేబిన్ కింద వేలాడే ఆ బల్లపరుపు కేబుల్ రాగి చూసి ఆశపడొద్దు. అవి కంట్రోల్ కోసం వేసిన సన్నని తీగలు, ప్లగ్గు లోడు మోయలేవు. లైటుకి 1.5, ప్లగ్గుకి 2.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు, ఎర్తింగ్ తెగకుండా బోర్డు దాకా, ముందు కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. షాఫ్టు అడుగున ఉన్న గొయ్యిలో వానాకాలం నీరు ఊరుతుంది. దాన్ని పూడ్పించండి, అక్కడ ప్లగ్గు వద్దే వద్దు.

ప్లైవుడ్ పరిచి ఫ్లోర్ అనిపించుకోవడం మాత్రం ఒప్పుకోను. స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పినట్టు ప్రతి అంతస్తుకీ స్లాబు పడాలి, వైర్లు పోయే కన్నాలన్నీ మంటని ఆపే సీలెంట్‌తో మూయాలి. లేదంటే కింద అట్టపెట్టెలు అంటుకుంటే అదంతా పొగగొట్టమే. ప్లాన్ మార్పు గురించి మున్సిపాలిటీలో కూడా ముందే అడగండి.

నా మల్టీమీటర్ తీసుకుని ఆదివారం వస్తున్నాను. అప్పటిదాకా మెషిన్ రూము తాళం చెవి నీ దగ్గరే పెట్టుకో, వాచ్‌మన్‌కి ఇవ్వకు.

మీ మామయ్య